ఎడారి అంచున అమాజిగ్ సోదరుల మధ్య

ముందుగా పేరు సంగతి చెప్పుకుందాం. ఈజిప్టులోని సీవా ఒయాసిస్ మొదలుకొని అట్లాంటిక్ తీరం దాకా, ఉత్తర ఆఫ్రికాలో అరబ్బులు రాకముందు నుంచీ నివసిస్తున్న ప్రజలను మన పాఠ్యపుస్తకాలు ‘బెర్బర్లు’ అంటాయి. ఈ మాట వాళ్ళది కాదు. తమ భాష రానివాళ్ళను గ్రీకులు, వారిని చూసి రోమన్లు ‘బార్బరోస్’ అన్నారు. ఆ ఈసడింపే నోళ్ళు మారి చివరికి పేరుగా స్థిరపడింది. వాళ్ళు తమను ‘అమాజిగ్’ అనీ, బహువచనంలో ‘ఇమాజిగెన్’ అనీ చెప్పుకుంటారు. స్వేచ్ఛగా బతికేవాళ్ళు అని దానికి అర్థం చెబుతారు. మొరాకోలో మేము కలిసిన కొందరు ‘బెర్బర్’ అంటే నవ్వి ఊరుకున్నారు. మరికొందరు మెల్లగా సరిదిద్దారు. అందుకని ఇక్కడ వాళ్ళ మాటే వాడుతున్నాం.

ఈ ప్రజల గురించి మనకు తెలియదనుకుంటాం గానీ, ఇస్లాం చరిత్ర చదివినవాళ్ళకు వీళ్ళు కొత్తవాళ్ళు కాదు. క్రీ.శ. 711లో జలసంధి దాటి స్పెయిన్‌లో అడుగుపెట్టిన తారిఖ్ బిన్ జియాద్ అమాజిగ్ వాడని చరిత్రకారుల్లో ఎక్కువమంది మాట. మరాకేష్ నగరాన్ని 11వ శతాబ్దిలో రాజధాని చేసుకున్న యూసుఫ్ బిన్ తాష్‌ఫీన్ సహారా ఎడారి తెగల నుంచి వచ్చినవాడు. ఇబ్నె బతూతా టాంజియర్‌లో పుట్టిన లవాతా తెగవాడు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసినవాడు ఈయనే. ఆ తుగ్లకే యువరాజుగా ఉలుగ్ ఖాన్ అన్న పేరుతో 1323లో మన ఓరుగల్లును ముట్టడించి గెలిచాడు. లోకమంతా తిరిగి ఇల్లు చేరిన ఇబ్నె బతూతా 1352లో మళ్ళీ బయలుదేరి, సహారా దాటి మాలి రాజ్యానికి వెళ్ళాడు. ఒంటెల బిడారు కట్టింది సిజిల్‌మాసా అనే ఊళ్ళో. ఆ ఊరి శిథిలాలు నేటి రిస్సానీ పట్టణం పక్కనే ఉన్నాయి. మట్టిగోడల మొండాలు తప్ప చూడ్డానికి ఏమీ లేదు. కానీ దక్షిణం నుంచి బంగారం, ఎడారి గనుల నుంచి ఉప్పు ఈ ఊరి మీదుగానే వందల ఏళ్ళు నడిచాయి. దారిలో తగాజా అనేచోట ఉప్పుపలకలతో కట్టి, పైన ఒంటెచర్మం కప్పిన ఇళ్ళను చూశానని ఆయన రాసుకున్నాడు.

మేము వెళ్ళిన దారి చాలామంది వెళ్ళేదే. మరాకేష్ నుంచి తిజి న్ తిచ్కా కనుమ ఎక్కి, 2,260 మీటర్ల ఎత్తున అట్లాస్ పర్వతాలు దాటి, వర్జాజాత్, తింగీర్, రిస్సానీల మీదుగా మెర్జూగా చేరాం. అక్కడ ఎర్గ్ షెబ్బి అనే ఇసుకదిబ్బలు కొన్నిచోట్ల నూటయాభై మీటర్ల ఎత్తుంటాయి. కనుమకు ఇవతల పచ్చదనం, అవతల రాయి. ఆ మార్పు గంట ప్రయాణంలోనే కనిపిస్తుంది. దారిలో ఐత్ బెన్‌హద్దూ అనే కోటఊరు ఉంది. 1987 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. రాళ్ళు, గడ్డి కలిపిన మట్టిని చెక్క అచ్చుల్లో దిమ్మిసతో కొట్టి గోడ లేపుతారు. మన పల్లెల్లో మట్టిమిద్దెలు ఎరిగినవాళ్ళకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. పగలు చల్లన, రాత్రి వెచ్చన. వానకు కరుగుతుంది కాబట్టి ఏటేటా పూత వేయాలి. మనుషులు ఖాళీ చేసిన ఇల్లు కొద్ది ఏళ్ళలో మట్టిలో కలిసిపోతుంది. సినిమాలు తీసేవాళ్ళు ఎంత వచ్చినా, కాపురం ఉండేవాళ్ళు వాగు ఇవతలి కొత్త ఊరికి తరలిపోవడంతో పాత ఊళ్ళో మిగిలినవి కొద్ది కుటుంబాలే.

ఇక అసలు విషయానికి, అంటే నీళ్ళకు వద్దాం. తువారెగ్ అమాజిగ్‌లలో ‘అమాన్ ఇమాన్’ అని ఒక నానుడి ఉంది. అమాన్ అంటే నీళ్ళు, ఇమాన్ అంటే ప్రాణం. (మన చెవికి ఇది ‘ఈమాన్’లా వినిపిస్తుంది గానీ ఆ అరబీ మాటకూ దీనికీ సంబంధం లేదు.) తింగీర్ దాటి జొర్ఫ్ సమీపిస్తుంటే రోడ్డు పక్క బయలులో పెద్ద పెద్ద చీమలపుట్టల్లాంటి మట్టిగుట్టలు బారులు తీరి కనిపిస్తాయి. ప్రతి గుట్ట నడుమా ఒక బావి. ఇవి ‘ఖెత్తారా’లు.

ఖెత్తారా అంటే నేల కింద తవ్విన కాలువ. కొండపాదాన భూగర్భజలం తగిలేదాకా ఒక తల్లిబావి తవ్వుతారు. అక్కడి నుంచి ఊరి వైపు కొద్దిపాటి వాలుతో సొరంగం తీసుకుపోతారు. సొరంగం తవ్విన మట్టి పైకి తేవడానికి, లోపలివాళ్ళకు గాలి ఆడటానికి వరసగా గుంటలు తవ్వుతారు. ఆ గుంటల మట్టే పైన గుట్టలుగా కనిపించేది. కిలోమీటర్ల దూరం నీరు తనంతట తానే పారి ఖర్జూరపు తోటల దగ్గర బయటపడుతుంది. మోటారు లేదు, తోడే మనిషి లేడు. పైన ఎంత ఎండ కాసినా ఆవిరై పోయేది లేదు. ఇరాన్‌లో దీన్నే కనాత్ అంటారు, అల్జీరియాలో ఫొగ్గారా. మనకు దగ్గర్లో చూడాలంటే బీదర్ వెళితే చాలు. 15వ శతాబ్దిలో బహమనీ సుల్తానుల కాలంలో తవ్వించిన కారేజ్ అక్కడ ఇప్పటికీ ఉంది. జనం దాన్ని సురంగబావి అంటారు.

ఇంత పని ఒక కుటుంబం చేయలేదు. అందరూ కలిసి తవ్వాలి. తవ్వకంలో ఎవరి చాకిరీ ఎంతో, నీటిలో వారి వాటా అంత. ఆ వాటా కొలిచేది లీటర్లలో కాదు, కాలంలో. ఇన్ని రోజులకొకసారి ఇన్ని గంటలపాటు కాలువ నీ మడి వైపు తిరుగుతుంది. ఈ హక్కు వారసత్వంగా పిల్లలకు పోతుంది. అమ్ముకోవచ్చు, కౌలుకీ ఇవ్వొచ్చు. తగవులు తీర్చడానికి, ఏటా పూడిక తీయించడానికి ఖెత్తారాకు ఒక షేఖ్ ఉంటాడు. మన తెలంగాణ చెరువుల కింద ‘నీరటి’ చేసిన పని ఇంచుమించు ఇదే.

గడియారాలు లేని రోజుల్లో ఈ గంటలెలా లెక్కపెట్టారు? దక్షిణాన సూస్ ప్రాంతపు కొండ ఊళ్ళలో ‘తనాస్త్’ అనే రాగిగిన్నె వాడేవారు. అడుగున సన్నని బెజ్జం ఉంటుంది. నీళ్ళతొట్టిలో వదిలితే మెల్లగా నిండి మునుగుతుంది. ఒక మునక ఒక కొలత. ఇన్ని మునకలు నీ వంతు, తర్వాత ఇన్ని నీ పొరుగువాడి వంతు. ఇది విన్నప్పుడు మాలో తెలుగు మాస్టారొకరు గట్టిగా నవ్వారు. గడియ అనే మాట మనకు వచ్చింది ఇలాంటి గిన్నె నుంచే కదా! గడియకుడుక అంటే అడుగున బెజ్జం ఉన్న గిన్నెయే. మనవాళ్ళు దాంతో పెళ్ళి ముహూర్తాలు కొలిచారు, వాళ్ళు ఖర్జూరపుచెట్ల దాహం కొలిచారు.

ఇప్పుడు ఆ గుట్టల్లో చాలావాటి కింద నీరు లేదు. 1971లో జీజ్ నది మీద హసన్ అద్దాఖిల్ ఆనకట్ట వచ్చాక దిగువకు వరదలు తగ్గాయి. వరుస కరువులు వచ్చాయి. వాటికన్నా పెద్ద దెబ్బ మోటారు పంపులది. ఒకడు లోతుగా బోరు వేసి తోడితే భూగర్భజలం అడుగుకు పోతుంది. ఖెత్తారా సొరంగం ఎండిపోతుంది, దాని మీద బతికే నలభై కుటుంబాల వాటా గాలిలో కలిసిపోతుంది.  అనంతపురం, నల్లగొండ ఊళ్ళలో బోర్లు ఎలా ఒకదాన్నొకటి ఎండబెట్టాయో చూసినవాళ్ళం కాబట్టి మాకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేకపోయింది. ఇక్కడ మా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాం. మన సొసైటీ వంటివి సదఖా కింద బోర్లు వేయించేటప్పుడు, ఆ బోరు పక్కవాడి బావిని ఎండబెడుతుందేమో ముందు కనుక్కోవాలి. దాహం తీర్చడం పుణ్యకార్యమే. అయితే ఒకరి దాహం తీర్చడానికి ఇంకొకరి నోటి దగ్గర నీళ్ళు లాక్కుంటే దాన్ని సదఖా అనగలమా?

ఖర్జూరం గురించి కూడా ఒక మాట. రంజాన్‌లో మన బజార్లలో మంచి ఖరీదు పలికే పెద్ద ‘మెజ్దూల్’ ఖర్జూరం ఈ తఫిలాల్త్ ప్రాంతపుదే. ‘బయూద్’ అనే శిలీంధ్ర తెగులు మొరాకో తోటలను ఊడ్చుకుపోతున్న రోజుల్లో, 1927లో, ఇక్కడి నుంచి 11 పిలకలను అమెరికా తీసుకుపోయారు. 9 బతికాయి. నేడు అమెరికాలో పండే మెజ్దూల్‌లో ఎక్కువ భాగం ఆ తొమ్మిదింటి సంతానమే. పుట్టినగడ్డ మీద మాత్రం చెట్లు లక్షల్లో చచ్చిపోయాయి. రిస్సానీ సంతలో మేము కొన్న ఖర్జూరాలు అంత పెద్దవి కావు. రుచి మాత్రం మాకు మరపు రాదు. ఆ సంత ఆది, మంగళ, గురువారాల్లో జరుగుతుంది. పల్లెల నుంచి గాడిదల మీద వచ్చేవాళ్ళ కోసం గాడిదలను కట్టేయడానికే విడిగా ఒక ఆవరణ ఉంది. మన సంతల్లో సైకిల్ స్టాండు లాగా!

ఎడారి మర్యాదల్లో మొదటిది అతిథి మర్యాద. నీరులేని చోట ఎవడైనా ఎప్పుడైనా దిక్కులేనివాడు కావచ్చు. ఇవాళ నా గుడారానికి వచ్చినవాడి గుడారానికి రేపు నేను వెళ్ళాల్సి రావచ్చు. అందుకే అక్కడ అతిథి ఎవరని అడగకముందే కూర్చోబెడతారు. జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఎందుకు ఉన్నాడో, అతిథి హక్కు మూడు రోజులని మన ప్రవక్త (స) ఎందుకు నేర్పారో పుస్తకంలో చదివినప్పటికంటే అక్కడ బాగా అర్థమవుతుంది. బాటసారి తన ఊళ్ళో ధనవంతుడే కావచ్చు. ఎడారి మధ్యలో అతడి ధనం గుక్కెడు నీళ్ళు ఇవ్వదు.

మేము ఒక మధ్యాహ్నం సంచార కుటుంబం గుడారంలో గడిపాం. మేకవెంట్రుకలు, ఒంటెవెంట్రుకలు కలిపి నేసిన నల్లని గుడారం అది. పొడవాటి పట్టీలుగా నేసి కుట్టింది. ఎండలో నేత వదులై గాలి ఆడుతుంది, వాన పడితే దారం ఉబ్బి బిగుస్తుంది. గుడారం నేత, కంబళ్ళ నేత అంతా ఆడవాళ్ళ చేతిపని. మాలోని ఆడవాళ్ళు లోపలికి వెళ్ళి మగ్గం ముందు గంటసేపు కూర్చొని వచ్చారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా నవ్వులు మాకు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. సలాముతో మొదలైన పలకరింపు ఒక్క నిమిషంలో అయిపోదు. నీవు బాగా, ఇంట్లోవాళ్ళు బాగా, పశువులు బాగా, వాన ఎలా ఉంది అని నెమ్మదిగా సాగుతుంది. తొందరపడితే అమర్యాద.

టీని అక్కడ ‘అతాయ్’ అంటారు. చైనా ఆకుపచ్చ తేయాకు, పుదీనా, శంకువు ఆకారపు పంచదార దిమ్మ నుంచి కొట్టిన ముక్కలు. మొదటి గ్లాసు పోసి మళ్ళీ కెటిల్‌లోకి ఒంపుతారు. తర్వాత చెయ్యెత్తి పైనుంచి నురగ వచ్చేలా పోస్తారు. మూడు గ్లాసులు తాగాలి. ఒకటి తాగి లేస్తే ఆతిథ్యం నచ్చలేదని అర్థం. ఈ టీ ఏదో అనాది ఆచారం అనుకుంటాం గానీ, 19వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకుల ఓడల మీద వచ్చాకే ఊరూరా పాకింది. మన ఇరానీ చాయ్ కూడా అంతే కదా, నిన్నగాక మొన్నటిది. రొట్టె మాత్రం పాతదే. నిప్పులు పరిచి ఇసుక వేడెక్కాక, నిప్పులు పక్కకు తోసి, పిండిముద్దను ఇసుకలో పెట్టి, పైన మళ్ళీ నిప్పులు కప్పుతారు. తీశాక దులిపితే ఇసుక రేణువైనా పంటికి తగలదు. రిస్సానీలో మాంసం, ఉల్లి, మసాలా కూరి చేసే రొట్టె పేరు ‘మద్‌ఫూనా’. మనం ‘దఫన్’ అంటాం చూడండి, అదే ధాతువు. పూడ్చినది అని అర్థం.

నమాజు దగ్గర రెండు సంగతులు మా కంటబడ్డాయి. మొరాకోవాళ్ళు మాలికీ మజ్‌హబ్ పాటిస్తారు, చాలామంది చేతులు కట్టకుండా వదిలేసి నిలబడతారు. మొదటిసారి చూసినప్పుడు మాలో ఒకరిద్దరు కలవరపడ్డారు. ఆ పద్ధతికీ వెయ్యేళ్ళకు మించిన పరంపర ఉంది. ఇంకొకటి, మస్జిదుల్లో రోజూ ఫజ్ర్ తర్వాత, మగ్రిబ్ తర్వాత జనమంతా కలిసి ఒక్క గొంతుతో ఖుర్ఆన్‌లో ఒక్కొక్క హిజ్బ్ చదువుతారు. 60 హిజ్బ్‌లు, రోజుకు రెండు, నెలకు ఒక ఖతమ్. పిల్లలు పెద్దల పక్కన కూర్చొని ఆ నడకలోనే కంఠస్థం చేస్తారు. ఎడారిలో నీళ్ళు తాగడానికి మాత్రమే ఉన్నచోట తయమ్ముమ్ చేసుకున్నాం. బడిలో దీనియాత్ పాఠంగా చెప్పుకున్న విషయం అక్కడ అవసరంగా ఎదురైంది.

మెర్జూగాలో అన్నీ మెచ్చుకోదగ్గవే అని చెప్పలేం. దిబ్బల్లో పర్యాటకుల శిబిరాలు కోకొల్లలు. అక్కడ నీలం అంగీ, తలపాగా వేసుకొని ఒంటె పట్టుకునే కుర్రాళ్ళు తమను ‘తువారెగ్’ అని పరిచయం చేసుకుంటారు. నిజానికి ఆ ప్రాంతం ఐత్ అత్తా తెగవాళ్ళది. తువారెగ్‌లు ఉండేది చాలా దూరాన అల్జీరియా, మాలి, నైజర్ ఎడారుల్లో. పర్యాటకుడు సినిమాలో చూసినదాన్నే అడుగుతాడు, వీళ్ళు అదే చూపిస్తారు. కడుపుకోసం వేసిన వేషాన్ని మేము తప్పుపట్టం. అడిగేవాడే కాస్త చదువుకొని వెళితే బాగుంటుంది. శిబిరంలో స్నానాల తొట్టెలు, ఈత కొలనులు మాత్రం మింగుడుపడలేదు. ఆ నీళ్ళు ఎక్కడివో పైన చెప్పాం.

తమలపాకంత ఒంటె బొమ్మలు ఈతాకులతో అల్లి అమ్మే పిల్లలు లోయ దారుల్లో కారు ఆగితే చాలు చుట్టుముడతారు. చూస్తే జాలేస్తుంది, జేబులో చెయ్యి పెట్టబుద్ధవుతుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో గడిపినవాళ్ళుగా మేము ఇవ్వలేదు. బడి వేళకు రోడ్డు మీద నాలుగు రాళ్ళు దొరుకుతాయని తెలిసిన పిల్లవాడు బడికి రాడు, ఇంట్లోవాళ్ళు పంపరు. ఇవ్వాలనుకుంటే ఊరి బడికో, ఊరి సంఘానికో ఇవ్వడం నయం.

మెర్జూగాకు దగ్గర్లో ఖమ్లియా అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి కుటుంబాలు ‘గ్నావా’ సంగీతానికి ప్రసిద్ధి. ఆ సంగీతాన్ని 2019లో యునెస్కో గుర్తించింది. ఇనుప చిటికెల మోత విని చప్పట్లు కొట్టి వచ్చేస్తారు చాలామంది. వాళ్ళ పూర్వీకులను బంగారం, ఉప్పు నడిచిన ఆ బిడారు దారుల్లోనే బానిసలుగా తోలుకొచ్చారు. ఆ చెరలోంచి పుట్టిన పాట అది. ఒయాసిస్సుల్లో తోటపని, ఖెత్తారా తవ్వకం ఎక్కువగా చేసిన ‘హరాతీన్’లు కూడా నల్లవాళ్ళే. తవ్వినవాళ్ళకు అన్నిచోట్లా నీటి వాటా దక్కలేదు. బిలాల్ (రజి) అజాన్ పిలిచిన సమాజంలో ఇది ఎలా సాగిందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. మన దేశంలోనూ ముస్లిముల్లో అష్రాఫ్, అజ్లాఫ్ అని తేడాలు పాటించినవాళ్ళం కాబట్టి, ఆ ప్రశ్న వాళ్ళను మాత్రమే అడిగే హక్కు మనకు లేదు.

వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గదీ ఒకటుంది. ‘తివిజీ’ అని పిలుస్తారు. కోత, ఇల్లు కట్టడం, కాలువ పూడిక, ఏదైనా సరే, ఊరంతా కూలి లేకుండా కలిసి చేయడం. దక్షిణ కొండల్లో ‘అగాదీర్’ అనే ఉమ్మడి ధాన్యపు కోటలు ఉండేవి. ప్రతి కుటుంబానికి తాళం వేసిన ఒక గది, అందరికీ కలిపి ఒక కాపలాదారు ‘అమీన్’. తెగల మధ్య కొట్లాటలున్నా అగాదీర్‌ను ముట్టుకోకూడదు. ‘అగ్దాల్’ అని మరొకటి. పచ్చిక బయలును ఊరంతా ఒప్పుకొని కొన్ని నెలలు మూసేస్తారు. మరాకేష్ పైనున్న ఊకైమెదెన్‌లో మార్చి 15 నుంచి ఆగస్టు 10 దాకా పశువును తోలరాదు. గడ్డి విత్తనం రాలాకే తెరుస్తారు. 2023 సెప్టెంబరు 8 రాత్రి అల్ హవూజ్ ప్రాంతంలో 6.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు మూడు వేల మంది మరణించినప్పుడు, కొండ ఊళ్ళ దారులు మూసుకుపోయాయి. మొదట శిథిలాలు తొలగించింది పక్క ఊళ్ళవాళ్ళే. పట్టణాల నుంచి జనం సొంత బండ్లలో పిండి, దుప్పట్లు వేసుకొని ఘాట్ దారులెక్కారు. 12వ శతాబ్దపు తిన్‌మెల్ మస్జిద్ కూడా ఆ రాత్రే చాలావరకు కూలింది.

చివరగా భాష. ఇది మా మనసుకు దగ్గరి విషయం. పదమూడు వందల ఏళ్ళుగా ముస్లిములైనా ఇమాజిగెన్‌ల మాతృభాష అరబీ కాదు. ఉత్తరాన తరిఫిత్, నడుమ తమాజిగ్త్, దక్షిణాన తషెల్హిత్ మాట్లాడతారు. 18వ శతాబ్దిలో ముహమ్మద్ అవ్జల్ అనే పండితుడు మాలికీ ధర్మశాస్త్రాన్ని తషెల్హిత్ పద్యాల్లో, అరబీ లిపిలో రాశాడు. మదరసాలో చదువుకోని ఆడవాళ్ళు, రైతులు విని నేర్చుకోవాలని ఆ పని చేశాడు. అయినా ఇటీవలి దాకా బడిలో, కోర్టులో, ఆసుపత్రిలో ఆ భాషకు చోటు లేదు. అరబీ మాట్లాడనివాడు సగం ముస్లిం అన్నట్టు చూసేవాళ్ళూ ఉన్నారు. దూదేకుల ఇళ్ళలో పుట్టి, ఉర్దూ రాదని ‘మీరు సాయిబులేనా?’ అనిపించుకున్న మన సోదరులకు ఆ చూపు తెలుసు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసిన గడ్డ మీద కూడా ఈ ప్రశ్న ఇంకా వినపడుతూనే ఉంది.

2001లో మొరాకో ప్రభుత్వం అమాజిగ్ సంస్కృతికి ఒక రాజ సంస్థను నెలకొల్పింది. 2003లో వాళ్ళ ప్రాచీన అక్షరాల నుంచి దిద్దిన తిఫినాగ్ లిపిని బడులకు తీసుకుంది. 2011 రాజ్యాంగం అరబీతోపాటు అమాజిగ్‌ను అధికార భాష చేసింది. 2024 నుంచి జనవరి 14న వాళ్ళ సంవత్సరాదికి సెలవిస్తున్నారు. ఉపాధ్యాయులు చాలరు, చాలా బడుల్లో పాఠం ఇంకా మొదలు కాలేదు. తిరుగు దారిలో ఒక ప్రాథమిక పాఠశాల ముందు బండి ఆపించి బోర్డు చూశాం. మూడు వరసలు. అరబీ, దాని కింద గుండ్రాలు గీతల తిఫినాగ్, దాని కింద ఫ్రెంచి. మా డ్రైవరు అమాజిగ్ వాడే. మొదటి వరసా మూడో వరసా గడగడా చదివి వినిపించాడు. నడిమి వరస తనకు రాదన్నాడు. మూడో తరగతి చదివే తన కూతురికి వస్తుందట.